ట్రాలీ ఆటోలో వెనక ఏమీ కనబడనప్పుడు రివర్స్ ఎలా తీయాలి?

నకిరేకల్ దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన సంగతి ఇది. సెకండ్ హ్యాండ్‌లో ట్రాలీ ఆటో కొన్నాడు. వెనక ఎత్తుగా ఇనుప జాలీ కట్టించాడు. నిమ్మకాయల బస్తాలు వేస్తే లోపలి అద్దంలో బస్తాలు తప్ప ఏమీ కనబడవు. ఇల్లు సన్నటి గల్లీ చివర ఉంది. రెండు వారాల్లో రెండుసార్లు బండి గోడకు రాసుకుంది, ఒకసారి ముందు చక్రం మోరీలో (మురికి కాలువలో) దిగింది. "గల్లీ నిండా పిల్లలు ఆడుకుంటుంటారు అన్నా, రివర్స్ వెయ్యాలంటేనే టెన్షన్. కెమెరా పెట్టిస్తే సరిపోతుందా?" అని అడిగాడు.

తమ్మీ, కెమెరా పెట్టించు, మంచిదే. కానీ అదొక్కటే సరిపోదు. రివర్స్ వేసే ముందు బండి దిగు, చుట్టూ ఒక్కసారి నడువు, ఎక్కిన వెంటనే తియ్యి. దిగి చూసి వచ్చాక ఫోన్ మాట్లాడినా, బీడీ ముట్టించినా ఆ చూసింది పనికిరాదు. మళ్లీ దిగాలి. ఇంకొకటి, సాధ్యమైన ప్రతిచోటా రివర్స్ తీసే అవసరమే రాకుండా చూసుకో. ఈ రెండూ అలవాటైతే నీ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. గోడకు రాసుకోవడం, మోరీలో దిగడం వేరే సంగతి. అది హ్యాండిల్ తిప్పడం తెలియకపోవడం వల్ల వచ్చేది, నేర్చుకుంటే పోతుంది.

నేను మహబూబ్‌నగర్‌లో 22 ఏళ్లుగా ఆటో నడుపుతున్నాను. మొదటి ఆరేడేళ్లు ప్యాసింజర్ ఆటో, ఆ తర్వాత నుంచి ట్రాలీయే. బాదేపల్లి మార్కెట్ యార్డు, దేవరకద్ర ఉల్లిగడ్డల మార్కెట్, టౌన్‌లో హార్డ్‌వేర్ దుకాణాలు, సిమెంట్ గోదాములు, ఇవే నా కిరాయిలు. రోజుకు ఇరవై ముప్పైసార్లు రివర్స్ వేస్తాను.

దిగి చూడమని ఎందుకంటున్నానో చెప్తాను. 2011 ఎండాకాలం. దేవరకద్రలో ఉల్లిగడ్డల బస్తాలు నింపి, పైన పట్టా కట్టి బయల్దేరబోతున్నా. ముందు ఒక డీసీఎం వ్యాన్ అడ్డంగా ఉంది, నేను నాలుగడుగులు వెనక్కి వస్తే చాలు. కుడి అద్దం చూశా, ఖాళీ. ఎడమ అద్దం చూశా, ఖాళీ. రివర్స్ వేసి క్లచ్ వదిలా. ఒక హమాలీ బండి పక్కన రేకు మీద రెండు చేతులతో దబదబా కొట్టాడు. ఆపి దిగి చూస్తే ఆరేడేళ్ల పిల్లవాడు వెనక టైరుకు జానెడు దూరంలో వంగి కూర్చొని, కింద రాలిన ఉల్లిగడ్డలు ఏరి సంచిలో వేసుకుంటున్నాడు. బండి చప్పుడు వాడు పట్టించుకోలేదు, మార్కెట్ అంతా బండ్ల చప్పుడే కదా. నాకు చేతులు వణికి పది నిమిషాలు బండి ఎక్కలేకపోయాను. ఆ రోజు నేను అద్దాలు చూడకుండా రివర్స్ వేయలేదు తమ్మీ. రెండూ చూశాను. రెండింట్లోనూ వాడు లేడు.

అద్దాల సంగతి అది. పక్క అద్దాలు బండి పక్కలను చూపిస్తాయి, బండి వెనకను కాదు. ట్రాలీకి సరిగ్గా వెనక, రెండు టైర్ల మధ్య జాగా ఏ అద్దంలోనూ పడదు. వెనక డోర్ పై అంచు నేల నుంచి మూడడుగుల పైనే ఉంటుంది. మూడేళ్ల పిల్లవాడి ఎత్తు కూడా ఇంచుమించు మూడడుగులే. నిలబడ్డా కనబడడు, కూర్చుంటే అసలే కనబడడు. ఖాళీ బండిలో నువ్వు వెనక్కి తిరిగి చూసినా ఇంతే. పైగా పక్క అద్దాలు ఉబ్బెత్తువి, ఎక్కువ జాగా చూపించడం కోసం వస్తువును చిన్నగా చూపిస్తాయి. అందుకే అద్దంలో గోడ రెండడుగుల దూరంలో ఉన్నట్టు కనబడుతుంది, నిజానికి ఒక అడుగే ఉంటుంది. నీ బండి గోడకు రాసుకోవడంలో దీని పాత్ర కూడా ఉంటుంది.

అద్దాలను కొంచెం సరిచేసుకో. మామూలుగా రోడ్డు మీదకు ఎత్తి పెట్టుకుంటాం. గల్లీలో రివర్స్‌కు ముందు కుడి అద్దాన్ని కొద్దిగా కిందికి వంచు. లోపలి అంచున నీ ట్రాలీ పక్కరేకు సన్నగా, కింది అంచున వెనక టైరు నేలకు ఆనే చోటు కనబడాలి. ఆ టైరుకూ గోడకూ మధ్య ఉన్న నేలను చూస్తూ వెనక్కి రా. దూరంగా ఉన్న గల్లీ చివరను కాదు, ఆ నేల పట్టీనే చూడాలి. ఆ పట్టీ సన్నబడితే గోడ దగ్గరవుతున్నట్టు. లోడ్ ట్రాలీ కంటే బయటకు పొడుచుకొని వస్తే అద్దంలో లోడే కనబడుతుంది, అప్పుడు పక్కన ఇంకో మనిషి లేకుండా రివర్స్ వెయ్యకు.

ఇక హ్యాండిల్. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కారు నేర్పే మనుషులు దొరుకుతారు గానీ మూడు చక్రాల బండి రివర్స్ ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. వెనక భాగం ఎటు పోవాలో హ్యాండిల్ అటే తిప్పాలి. కుడికి తిప్పి వెనక్కి వస్తే ట్రాలీ కుడికి పోతుంది. స్కూటర్‌ను చేత్తో వెనక్కి నెట్టేటప్పుడు కూడా ఇంతే, గుర్తు చేసుకో. అయితే ట్రాలీ కుడికి పోతున్నప్పుడు బండి ముందు భాగం ఎడమకు ఊగుతుంది. వెనక చక్రాలు రెండూ తిన్నగా బిగించి ఉంటాయి, తిరిగేది ముందున్న ఒక్క చక్రమే. కాబట్టి వెనక ఒక అడుగు జరిగేలోపు ముందు చక్రం అంతకు ఎక్కువే పక్కకు పోతుంది. నువ్వేమో వెనక్కే చూస్తుంటావు. నీ ముందు చక్రం మోరీలో దిగింది ఇలాగే అయ్యుంటుంది. నాకూ మొదట్లో ఇలాగే జరిగింది, మెట్టుగడ్డ దగ్గర ఒక సందులో. వెనక అంతా సరిగ్గానే వస్తోందని సంతోషపడుతుంటే ముందు చక్రం మూత లేని మోరీలోకి జారింది. నలుగురు ఎత్తితే గానీ రాలేదు, ముందు ఫోర్క్ కొంచెం వంగింది కూడా. అప్పటి నుంచి హ్యాండిల్ ఎక్కువ తిప్పిన ప్రతిసారీ, వెనక ఒక చూపు, ముందు ఒక చూపు.

మూడు చక్రాల బండికి ఇంకో తిరకాసు ఉంది. నాలుగు చక్రాల బండికి ముందు చక్రాలు, వెనక చక్రాలు ఇంచుమించు ఒకే దారిలో నడుస్తాయి. మనదానికి మూడు దారులు. వెనక్కి వచ్చేటప్పుడు వెనక రెండు టైర్ల మధ్య నుంచి దాటిపోయిన రాయి గానీ గుంత గానీ నేరుగా ముందు చక్రం కిందికి వస్తుంది. అంతకంటే ముందే కింద వేలాడే డిఫరెన్షియల్‌కు (వెనక చక్రాలను తిప్పే గేర్ల డబ్బాకు) తగలొచ్చు. అందుకే దిగి చూసేటప్పుడు టైర్లు పోయే రెండు గీతలే కాదు, మధ్య గీత కూడా చూడు. ఇటుక ముక్క ఉంటే కాలితో పక్కకు జరుపు.

చిన్న చిన్నగా తిప్పు. కొత్తవాళ్లంతా చేసే తప్పు, బండి పక్కకు పోతోందని గాభరాపడి హ్యాండిల్ మొత్తం అటువైపు విరిచేయడం. అప్పుడు ఇంకో గోడకు పోతుంది. రివర్స్‌లో వంకర పోయిన బండిని రివర్స్‌లోనే సరిచేయాలని పట్టుబట్టకు. ఆపు, ముందుకు పది అడుగులు పో, తిన్నగా చేసుకో, మళ్లీ రా. ఎవరైనా చూస్తున్నారని సిగ్గుపడకు. నేను ఇప్పటికీ రెండు మూడుసార్లు ముందుకు పోయి వస్తాను. నీ బండి వెడల్పు ఇంచుమించు ఐదడుగులు ఉంటుంది, జాలీ బయటకు కట్టి ఉంటే ఇంకా ఎక్కువ. టేపు పెట్టి ఒకసారి కొలుచుకో. గల్లీని కూడా, కరెంటు స్తంభం దగ్గర, అరుగుల దగ్గర కొలువు. రెండు పక్కలా కలిపి మిగిలేది రెండడుగుల లోపు ఉంటే, లోడ్‌తో అక్కడ రివర్స్ వద్దు. గల్లీ మొదట్లో ఆపి సామాను మోసుకోవడమే మేలు.

వేగం గురించి ఒక లెక్క చెప్తాను. మనిషి మామూలు నడక గంటకు నాలుగున్నర కిలోమీటర్లు అనుకుంటే సెకనుకు నాలుగడుగులు. వెనక నుంచి ఎవరైనా "ఆపు" అని అరిస్తే అది నీ చెవిన పడి, కాలు బ్రేకును నొక్కేసరికి ఒక సెకను పోతుంది. అంటే నడక వేగంతో వచ్చినా నాలుగడుగులు దాటిపోతావు. ఆ రోజు దేవరకద్రలో పిల్లవాడికీ టైరుకూ మధ్య మిగిలింది జానెడు. అందుకే నడకలో సగం వేగంతోనే రా. డీజిల్ బండి అయితే యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ సగం వదిలితే చాలు, అదే పాకుతూ వస్తుంది. గడ్డ అడ్డం వచ్చి ఆగిపోతే రేస్ ఇచ్చి ఎక్కించకు, ఎక్కిన బండి ఒక్కసారిగా ఎగిరి వెనక్కి దూకుతుంది. ఇంకో దారిన రా.

ఇక్కడే ఆటోకు మాత్రమే ఉన్న ఇంకో ప్రమాదం ఉంది. కారులో యాక్సిలరేటర్ కాలి కింద ఉంటుంది. మనకు కుడి చేతిలో ఉంటుంది. కుడి పక్కకు వంగి తల బయట పెట్టి వెనక్కి చూసినప్పుడు ఒళ్లు మెలి తిరుగుతుంది, దాంతో చెయ్యి కూడా తిరుగుతుంది. నీకు తెలియకుండానే రేస్ పెరుగుతుంది, హ్యాండిల్ కూడా కొంచెం లాగుకుపోతుంది. తల బయట పెట్టి చూడటం మంచిదే, మన బండికి డోర్ లేని చోట అది మనకున్న వసతి. కానీ అలా చూసేటప్పుడు కుడి చేతి పట్టు బిగించకు, వేళ్లతో ఊరికే ఆనించి ఉంచు. కుడి పాదం బ్రేకు మీదే ఉండాలి. గోడ దగ్గరగా ఉంటే తల బయట పెట్టకు, అద్దంలోనే చూడు.

లోడ్ వేసినప్పుడు బండి స్వభావమే మారిపోతుంది. మూడు చక్రాల బండి ముక్కాలి పీట లాంటిది, బరువు మధ్యలో ఉన్నంతసేపే నిలకడ. బస్తాలు ఎత్తుగా పేర్చి, హ్యాండిల్ మొత్తం తిప్పి, వెనక చక్రం ఒకటి గుంతలో దిగితే బండి పక్కకు వాలుతుంది. ఇంకా చెప్పాల్సింది ర్యాంపుల గురించి. ఒకసారి తాండూరు బండలు వేసుకొని ఎత్తు మీద కడుతున్న ఒక ఇంటికి పోయాను. బండలు ట్రాలీ చివరి దాకా, ఇంకా చెప్పాలంటే వెనక ఇరుసు దాటి ఉన్నాయి. పైకి ఎక్కలేక ఆగిపోయి వెనక్కి దిగుతున్నాను. కొంచెం వేగం అందుకుందని బ్రేకు గట్టిగా వేశా. బరువంతా వెనక్కి తోసుకొచ్చి ముందు చక్రం నేల నుంచి లేచింది. హ్యాండిల్ తిప్పుతున్నా ఏం లాభం, చక్రం గాలిలో ఉంది. గేటు స్తంభాన్ని గుద్దుకొని ఆగింది. గేటు ఖర్చు నేనే కట్టాను. కాబట్టి ఎత్తు నుంచి వెనక్కి దిగేటప్పుడు మొదటి నుంచే బ్రేకు తేలిగ్గా నొక్కి పట్టు, మధ్యలో ఒక్కసారిగా నొక్కకు. బరువైన సామాను క్యాబిన్ వైపు జరిపి పెట్టించు. లోడ్ వేసేది హమాలీలే అయినా ఎక్కడ వేయాలో చెప్పాల్సింది నువ్వు.

పక్కన మనిషి ఉంటే చాలా సులువు అనుకుంటాం. ఉండాల్సిన చోట ఉంటేనే. చాలామంది పిల్లగాండ్లు సరిగ్గా బండి వెనక నిలబడి "రానీ రానీ" అంటారు. అక్కడ వాళ్లు నీకు కనబడరు, వెనక గోడ ఉంటే వాళ్లే నలిగిపోతారు. వెనక కుడి మూలకు అవతల, నీ కుడి అద్దంలో నిలువెత్తున కనబడే చోట నిలబెట్టు. అద్దంలో నుంచి మనిషి మాయమైతే ఏ మాటా వినకుండానే ఆపేయి. ముందే మాట అనుకోండి. "రానీ" అంటే రావడం, "హోల్డాన్" అంటే ఆగడం. మార్కెట్ చప్పుడులో మాట వినబడకపోతే రేకు మీద దెబ్బ వేయమను, ఎన్ని దెబ్బలైనా సరే, దెబ్బ వినబడితే ఆపడమే. ఇద్దరు ముగ్గురు చేరి తలా ఒక మాట చెప్తుంటే ఆపి, ఒక్కరినే చెప్పమను.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, కెమెరా. 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే వైరు కెమెరా, చిన్న తెర, ఏ ఆటో ఎలక్ట్రీషియన్ అయినా బిగిస్తాడు. రివర్స్ లైటు వైరుకు కలిపితే రివర్స్ వేసినప్పుడే వెలుగుతుంది. ఎక్కడ బిగించాలన్నదే ముఖ్యం. వెనక డోర్ మీద బిగిస్తే, డోర్ కిందికి వాల్చినప్పుడు అది నేలను చూస్తుంది. ట్రాలీ అడుగున, నంబర్ ప్లేటు దగ్గర బిగిస్తే కింద ఉన్న పిల్లలు బాగా కనబడతారు గానీ, బురద చిమ్మితే అద్దం మూసుకుపోతుంది. నేను నీ జాలీ లాంటి దానికే పైన మధ్యలో, కిందికి వంచి బిగించాను. వెనక డోర్ అంచు కూడా తెరలో కొంచెం కనబడేలా పెట్టుకుంటే దూరం అంచనాకు వస్తుంది. పొద్దున బండి తీసే ముందు గుడ్డతో తుడువు. ఎదురెండలో తెర తెల్లబడిపోతుంది, చీకట్లో రివర్స్ లైటు లేకపోతే ఏమీ చూపించదు. సెకండ్ హ్యాండ్ బండి కదా, ముందు రివర్స్ లైటు వెలుగుతుందో లేదో చూసుకో. కెమెరా పెట్టించాక కూడా గల్లీలో నేను దిగే చూస్తాను, ఎందుకంటే పక్క నుంచి పరుగెత్తుకొచ్చే పిల్లవాడు తెరలోకి వచ్చేసరికే ఆలస్యమవుతుంది.

రివర్స్ హారన్ తప్పకుండా పెట్టించు, కానీ పాట వచ్చేది వద్దు. మా గల్లీలో చూశాను, పాట వినబడితే చిన్నపిల్లలు బండి దగ్గరికే పరుగెత్తుకొస్తారు. బీప్ బీప్ అనేది పెట్టించు. కరెంటు ఆటో నడిపే మిత్రులకు ఇది మరీ అవసరం, ఆ బండ్లకు ఇంజిన్ చప్పుడే ఉండదు, వెనక నిలబడ్డ ముసలివాళ్లకు కదులుతోందని తెలియదు.

పాత బండికి ఇంకో జాగ్రత్త. రివర్స్ లివర్ లేదా దాని వైరు అరిగి ఉంటే వేశాననుకున్నది పడదు. నువ్వు వెనక్కి చూస్తూ క్లచ్ వదిలితే బండి ముందుకు పోతుంది. పూర్తిగా ఆపి, న్యూట్రల్ చేసి, అప్పుడు రివర్స్ వేసి, క్లచ్ వెంట్రుకవాసి వదిలి ఎటు కదులుతోందో చూసుకొని మిగతాది వదులు.

మరి మీ గల్లీ సంగతి. ఇప్పుడు నువ్వు సాయంత్రం ముందుకు పోయి పెట్టి, పొద్దున రివర్స్‌లో బయటకు తీస్తున్నావని అర్థమైంది. దాన్ని తిరగెయ్యి. సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడే గల్లీ మొదట్లో ఆపి, దిగి, ఇంటి దాకా నడిచిపో. పిల్లలను అరుగుల మీదకు ఎక్కించు, ఇంట్లోవాళ్లలో ఒకరిని మూల దగ్గర నిలబెట్టు, రివర్స్‌లో లోపలికి రా. అప్పుడు బండి ఖాళీగా ఉంటుంది, చూపుకు బస్తాలు అడ్డం ఉండవు. పొద్దున ముందుకు చూస్తూ బయటకు పోతావు. గల్లీ నుంచి పెద్ద రోడ్డు మీదకు రివర్స్‌లో రావడం అన్నిటికంటే ప్రమాదం. గోడ చాటు నుంచి నీ ట్రాలీ మొత్తం రోడ్డు మీదకు వచ్చాక గానీ నీకు రోడ్డు కనబడదు. 2017 దాకా ఉన్న 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే రాసి ఉండేది, ఎవరికీ ప్రమాదం, ఇబ్బంది కలగదని రూఢి చేసుకున్నాకే బండి వెనక్కి నడపాలని, బండి తిప్పుకోవడానికి అవసరమైన దూరం కంటే ఎక్కువ పోకూడదని. గుద్దితే "కనబడలేదు" అన్న మాట చెల్లదు.

నేర్చుకోవడానికి మీ దగ్గర ఏదైనా వెంచర్ చూడు. ప్లాట్లు అమ్ముడుపోక ఖాళీగా పడి ఉన్న సీసీ రోడ్లు ఉంటాయి కదా. ముగ్గు పిండితో ఏడడుగుల ఎడంతో రెండు గీతలు గీసి, చివర రెండు ఖాళీ నూనె డబ్బాలు పెట్టు. ఖాళీ బండితో రోజూ అరగంట, వారం రోజులు. తిన్నగా రావడం కుదిరాక గీతలను ఆరడుగులకు తగ్గించు, ఆ తర్వాతే మలుపు. చివర్లో పది బస్తాలు వేసుకొని మళ్లీ మొదటి నుంచి. లోడ్‌తో బ్రేకు, హ్యాండిల్ రెండూ వేరేలా ఉంటాయని అప్పుడు నీకే తెలుస్తుంది.

ఇంటి ముందు పెట్టాక హ్యాండ్ బ్రేక్ వేసి తాళం చెవి తీసుకుపో, వాలుగా ఉంటే టైరు కింద రాయి పెట్టు. పిల్లలు ఎక్కి లివర్లు గుంజుతారు.

మీ గల్లీ వెడల్పు కొలిచాక ఇక్కడ రాయి. స్తంభం ఏ పక్కన ఉంది, మోరీ ఏ పక్కన ఉంది, మలుపు కుడికా ఎడమకా కూడా చెప్పు. ఎక్కడ హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టాలో చెప్తాను.